పని ఏజెన్సీకి ఇవ్వండి, పెత్తనం మీ దగ్గరే ఉంచుకోండి

ప్రశ్న: మాది అనంతపురం. బైపాస్ దగ్గర రెండు బ్లాకుల అపార్టుమెంటు, మొత్తం 84 ఫ్లాట్లు. ఇళ్లు మా చేతికొచ్చి ఆరేళ్లు దాటింది. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఎవరూ ముందుకు రాకపోవడంతో నాలుగేళ్లుగా అసోసియేషన్ సెక్రటరీ బాధ్యత నా మీదే ఉంది. నెలకు ఫ్లాటుకు 1,800 రూపాయలు మెయింటెనెన్స్. పన్నెండు ఇళ్లవాళ్లు ఏడాదికి పైగా కట్టడం లేదు. ఉమ్మడి కరెంటు బిల్లు, జనరేటర్ డీజిల్, లిఫ్టుల కాంట్రాక్టు, నీళ్ల ట్యాంకర్లకే నెలకు సగటున 62,000 అవుతోంది. లిఫ్టు ఆగినా, ట్యాంకర్ రాకపోయినా ఫోను నాకే వస్తుంది. మా యజమానుల్లో చాలామంది బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ ఇక్కడి ఇళ్లు అద్దెకిచ్చారు. అక్కడిలాగే అంతా ఒక ఏజెన్సీకి అప్పగించేద్దామని వాళ్ల పట్టు. ఒక ఏజెన్సీ నెలకు 1,65,000 అని కొటేషన్ ఇచ్చింది. ఫ్లాటుకు రెండు వేల లోపే కదా అంటున్నారు. మొదటి ఏడాది డబ్బు బిల్డర్ అప్పగించిన కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకని దాచిన ఉమ్మడి నిధి) 25,20,000 నుంచి తీద్దామంటున్నారు. ఇక్కడే ఉండే పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారు. మొదటి రోజు నుంచి మాతో ఉన్న వాచ్‌మన్ కుటుంబాన్ని పంపేయాలన్నది ఏజెన్సీ షరతు. మొన్న సెప్టిక్ ట్యాంకు పొంగితే అతనే దిగి బాగుచేశాడు. అలాంటి మనిషిని ఎలా పంపగలం? అసోసియేషన్‌ను మొదట్లో రిజిస్టర్ చేయించారు, ఆ తర్వాత ఆ కాగితాల జోలికి ఎవరూ పోలేదు. నాకు ఓపిక అయిపోయింది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఏజెన్సీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సెప్టిక్ ట్యాంకు గురించి చెప్పాలి. అతను బతికి బయటికి రావడం మీ అందరి అదృష్టం. మూత తీసిన ట్యాంకులో విషవాయువు ఉంటే మనిషి నాలుగు శ్వాసలు తీసేలోపే స్పృహ తప్పి పడిపోతాడు. పైకి లాగుదామని దిగిన రెండో మనిషీ పోతాడు. ఇలాంటి వార్తల్లో చనిపోయినవారి సంఖ్య ఒకటికి మించి ఉండటానికి కారణం ఇదే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని, మనుషులతో మలం ఎత్తించకూడదన్న 2013 చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి పనిలో ప్రాణం పోతే ఆ కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. అతను ఇష్టపడే దిగాడన్న మాట చట్టం ముందు నిలవదు, మనస్సాక్షి ముందు అసలే నిలవదు. ఇకముందు ట్యాంకు నిండితే యంత్రంతో తోడే వాహనాన్నే పిలిపించండి. ఈ ఉత్తరం చదివిన రోజే ట్యాంకు మూతకు తాళం వేయించి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పని అప్పగించండి, పెత్తనం అప్పగించకండి. మీ అపార్టుమెంటులో జరుగుతున్న గొడవంతా ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల వచ్చింది. బెంగళూరులో ఉన్నవారు రెండూ ఇచ్చేద్దామంటున్నారు, పెద్దవాళ్లు రెండూ వద్దంటున్నారు.

మీరు అలసిపోయారంటే అందులో మీ చేతకానితనం ఏమీ లేదు. 84 కుటుంబాలంటే ఒక చిన్న ఊరు. ఆ ఊరికి నీళ్లు, వెలుతురు, కాపలా, చెత్త, లెక్కలు, తగాదాలు అన్నీ ఒక మనిషి జీతం లేకుండా చూడాలనుకోవడమే అన్యాయం. ప్రపంచంలో ఎక్కడైనా ఈ పని కొంతకాలానికి వృత్తిగా మారడానికి కారణం అదే. అమెరికాలో 1970 నాటికి ఇలాంటి ఇళ్ల యజమానుల సంఘాలు దాదాపు 10,000 ఉండేవి, ఇప్పుడు మూడున్నర లక్షలు దాటాయని అక్కడి సంఘాల సమాఖ్య లెక్క. ఆ సమాఖ్య పుట్టింది 1973లో. సంఘాలు పెరిగేకొద్దీ వాటిని నడిపే మేనేజర్లు, వాళ్లకు శిక్షణ, పరీక్షలు, ధ్రువపత్రాలు వచ్చాయి. ఫ్లోరిడా రాష్ట్రంలో పది ఇళ్లు దాటిన సంఘాన్ని డబ్బు తీసుకుని నడపాలంటే మేనేజరుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. మన దగ్గర ఆ లైసెన్సు లేదు. బోర్డు పెట్టి, నలుగురికి యూనిఫాం కుట్టిస్తే ఎవరైనా ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ ఏజెన్సీ అయిపోవచ్చు. అందుకే ఇక్కడ ఎంపిక చేసేవాళ్లు మరింత మెలకువగా ఉండాలి. ఒక్క కాపలా విషయంలో మాత్రం చట్టం ఉంది. సెక్యూరిటీ గార్డులను పంపే ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. మీకు కొటేషన్ ఇచ్చినవారిని మొదట అడగాల్సిన కాగితం అది. అది మన రాష్ట్రంలో చెల్లేదా కాదా చూడండి. బెంగళూరులో తీసుకున్నది చూపించి సరిపెడతారు.

ఇప్పుడు లెక్క. ‘ఫ్లాటుకు రెండు వేల లోపే’ అన్న మాటను కాగితం మీద పెట్టి చూద్దాం. 1,65,000ను 84తో భాగిస్తే 1,964 వస్తుంది, వాళ్లు చెప్పింది ఆ మేరకు నిజమే. కానీ ఏజెన్సీ సేవల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అంటే మరో 29,700 కలిసి మొత్తం 1,94,700. ఇది మనుషులకు అయ్యే ఖర్చు మాత్రమే. కరెంటు, డీజిల్, లిఫ్టులు, ట్యాంకర్ల బిల్లులు ఏజెన్సీ కట్టదు, వాటిని ఎప్పటిలాగే మీరే కట్టాలి. మీరు రాసిన 62,000 కూడా కలిపితే నెలకు 2,56,700. ఫ్లాటుకు 3,056 రూపాయలు. ఆ పన్నెండు ఇళ్లు ఇప్పటిలాగే కట్టకపోతే మిగిలిన 72 ఇళ్ల మీద పడేది 3,565. ఇప్పటి 1,800కు ఇది దాదాపు రెట్టింపు. ఈ అంకెలు తెలిసి కూడా జనరల్ బాడీ సరేనంటే అది వేరే సంగతి. తెలియకుండా మాత్రం ఓటింగుకు పెట్టకండి.

జీఎస్టీ గురించి ఇంకో మాట. సభ్యుల నుంచి అసోసియేషన్ వసూలు చేసే మెయింటెనెన్స్ నెలకు ఒక్కొక్కరికి 7,500 లోపు ఉన్నంతవరకు దాని మీద జీఎస్టీ లేదు. మీరు ఎవరినైనా నేరుగా పనిలో పెట్టుకుని జీతం ఇస్తే ఆ జీతం మీదా జీఎస్టీ లేదు. అదే మనిషి ఏజెన్సీ ద్వారా వస్తే పన్ను పడుతుంది, దాన్ని తిరిగి రాబట్టుకునే దారి మీకు లేదు. మీ కొటేషన్ ప్రకారం ఆ పన్ను ఏడాదికి 3,56,400. అయినా సరే ఏజెన్సీ అవసరమనిపించే పనులు కొన్ని ఉంటాయి, అవేమిటో విడదీయాలి.

కొటేషన్‌లో ఒకే మొత్తం రాసి ఉంటే వెనక్కి పంపండి. ఎంతమంది మనుషులు, ఏ వేళల్లో పని చేస్తారు, ఒక్కొక్కరి చేతికి అందే జీతం ఎంత, పీఎఫ్, ఈఎస్‌ఐ ఎంత, ఏజెన్సీ రుసుము ఎంత అన్నది విడివిడిగా రాసివ్వమనండి. చేతికందే జీతం అన్న చోట వేలు పెట్టి అడగండి. మీరు గార్డుకని ఇచ్చేదాంట్లో అతనికి ఎంత చేరుతుందో చెప్పడానికి ఇష్టపడని ఏజెన్సీతో ఇక మాటలు అనవసరం. జీతం సరిగా అందని గార్డు రెండో నెలకే మానేస్తాడు, మీ గేటు దగ్గర నెలనెలా కొత్త ముఖం కనిపిస్తుంది, ఎవరు ఏ ఇంటివాళ్లో అతనికి తెలిసేలోపే ఇంకొకరు వస్తారు. పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టిన రసీదులు జతచేస్తేనే బిల్లు చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన చందాలు పని చేయించుకున్నవాళ్ల మెడకు చుట్టుకునే అవకాశం ఉంది.

అనంతపురంలో అపార్టుమెంటు నడపడమంటే సగానికి పైగా నీళ్లు నడపడమే. జిల్లాలో ఏటా సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. బోరు ఎంతసేపు పోస్తుంది, ఎప్పుడు ఆపి ఊరనివ్వాలి, నగరపాలక సంస్థ నీళ్లు వచ్చే రోజు ఏది, సంపు ఏ గీత దాకా నిండితే రెండో బ్లాకుకు వదలాలి, ఏ గేటు వాల్వును సగం తిప్పితే పై అంతస్తుకు ఒత్తిడి అందుతుంది, ఏ ట్యాంకర్‌వాడు ఉప్పు నీళ్లు తెస్తాడు అన్నవన్నీ ఇప్పుడు ఒక్క మనిషి బుర్రలో ఉన్నాయి. అతను మీ వాచ్‌మన్. అతన్ని పంపేసిన రోజున ఆ తెలివి కూడా గేటు దాటి వెళ్లిపోతుంది. ఎంత పెద్ద ఏజెన్సీ అయినా కొత్త సూపర్‌వైజర్ దాన్ని తిరిగి సంపాదించడానికి ఒక ఎండాకాలం పడుతుంది, ఆ ఎండాకాలం మీరు అదనపు ట్యాంకర్లకు డబ్బు కట్టాలి.

కాబట్టి ఏజెన్సీని పిలవడానికి ముందే ఈ పని చేయండి. ఇద్దరు యువకులను తోడు తీసుకుని, అతనితో పాటు డాబా మీది ట్యాంకుల నుంచి సెల్లార్‌లోని సంపు దాకా నడవండి. ప్రతి వాల్వుకూ ఒక అంకె రాసి, రేకు బిళ్ల కట్టించండి. ఒకటో అంకె వాల్వు దేనిది, ఎటు తిప్పాలి, ఎప్పుడు తిప్పాలి అన్నది నోటు పుస్తకంలో అతను చెప్పినట్టే రాయండి. మోటారు ఎవరు చుట్టారు, ఎప్పుడు కాలిపోయింది, బోరు ఎన్ని అడుగులు, మోటారు ఎన్ని అడుగుల దగ్గర దించారు, ఇవి కూడా. 2022 అక్టోబరులో నడిమివంక పొంగినప్పుడు ఊళ్లో చాలా కాలనీలు మునిగాయి. మీ సెల్లార్‌లోకి నీళ్లు వచ్చి ఉంటే ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీత గీయించండి. లిఫ్టు గుంత, కరెంటు ప్యానెల్, జనరేటర్ ఆ గీతకు ఎంత దిగువన ఉన్నాయో దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ పుస్తకం అసోసియేషన్ ఆస్తి. రేపు ఎవరు వచ్చినా, ఎవరు పోయినా అది ఆఫీసులోనే ఉండాలి.

వాచ్‌మన్ కుటుంబాన్ని పంపాలన్న షరతుకు ఒప్పుకోవద్దు. ఏజెన్సీలు అలా ఎందుకు అడుగుతాయో అర్థం చేసుకోవచ్చు: తాము చెప్పిన మాట వినే మనుషులే కావాలి, సెక్రటరీ దగ్గరికి నేరుగా వెళ్లి మాట్లాడేవాడు వద్దు. కానీ మీకు కావాల్సింది సరిగ్గా అలాంటి మనిషే. రెండు దారులున్నాయి. ఏజెన్సీ అతన్నీ అతని భార్యనూ తన జాబితాలోకి తీసుకుని పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాలి, సెల్లార్ గది వాళ్లకే ఉండాలి, అసోసియేషన్ రాతపూర్వక అనుమతి లేకుండా తీసేయకూడదు. లేదా అతను అసోసియేషన్ మనిషిగానే కొనసాగుతూ నీళ్లు, మోటార్ల పని చూడాలి, కాపలా ఏజెన్సీ చూడాలి. నాకు రెండో దారి నచ్చుతుంది. ఒక మనిషి పగలంతా మోటార్లు, రాత్రంతా గేటు, మధ్యలో మెట్లు, పిలిస్తే సరుకులు, ఇన్నేసి పనులు చేయడం ఇన్నాళ్లూ మనకు అలవాటైపోయింది. రాత్రి గేటు వేరేవాళ్లకు ఇస్తే అతను ఆరేళ్ల తర్వాత కంటినిండా నిద్రపోతాడు.

ఏజెన్సీకి నేనైతే ఇవ్వమనేవి ఇవి: రాత్రి కాపలా, లిఫ్టుల, జనరేటర్ సర్వీసు సమయానికి జరిగేలా చూడటం, నెలవారీ లెక్కల తయారీ, ఫిర్యాదులు తీసుకునే ఒక ఫోను నంబరు. ఈ నాలుగింటికే విడిగా కొటేషన్ అడగండి. మీ ప్రాణం తీస్తున్నది ఆ నాలుగోదే, ఫోను. అది మీ చేతి నుంచి పోతే మిగతా పని మీకు బరువనిపించదు. ఫిర్యాదుల కోసం, గేటు దగ్గర వచ్చిపోయేవారి నమోదు కోసం యాప్ పెడతామంటారు. పెట్టుకోవచ్చు. అయితే అందులోకి ఎక్కే పేర్లు, ఫోను నంబర్లు, వాహనాల వివరాలు అసోసియేషన్‌వేనని, ఒప్పందం ముగిస్తే అన్నీ తిరిగిచ్చి తమ దగ్గర చెరిపేయాలని రాయించండి.

బ్యాంకు ఖాతా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాళ్ల చేతికి వెళ్లకూడదు. మెయింటెనెన్స్ అసోసియేషన్ ఖాతాలోనే పడాలి, చెల్లింపులకు కమిటీలో ఇద్దరి సంతకాలు ఉండాలి, ఏజెన్సీ ఎవరి దగ్గరా నగదు తీసుకోకూడదు. మోటారు చుట్టించినా, పైపు కొన్నా, ఒక పరిమితి దాటితే కమిటీ మూడు చోట్ల ధర తెప్పించి నిర్ణయించాలి. ఆ పరిమితి ఎంతన్నది మీరు పెట్టుకోండి. కారణం చెప్పకుండానే ముప్పై రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చన్న షరతు ఉండాలి. మూడేళ్ల ఒప్పందం, మధ్యలో మానేస్తే పరిహారం అని రాసుకొస్తే సంతకం చేయవద్దు. మొదటి ఒప్పందం ఆరు నెలలకు చాలు. ఆ ఏజెన్సీ ఇప్పటికే చూస్తున్న అపార్టుమెంటు ఎక్కడుందో కనుక్కుని, చెప్పకుండా ఒక ఉదయం వెళ్లండి. వాళ్ల సెక్రటరీతో మాట్లాడటం కన్నా గేటు దగ్గరి గార్డుతో, మెట్లు తుడిచే ఆవిడతో మాట్లాడితే ఎక్కువ తెలుస్తుంది. పోయిన నెల జీతం ఏ తారీఖున అందిందో అడగండి.

కార్పస్ ఫండ్ ముట్టుకోవద్దు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఆ 25,20,000 అంటే ఫ్లాటుకు 30,000 చొప్పున దాచిన డబ్బు. ఇళ్ల కొనుగోలుదారులకు రక్షణగా తెచ్చిన రెరా చట్టం ప్రకారం నిర్మాణ లోపాలకు బిల్డర్ బాధ్యత ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లు. మీకు ఆరేళ్లు దాటాయి. అంటే ఇకపై డాబా కారినా, పిల్లరు పెచ్చులూడినా, లిఫ్టు మార్చాల్సి వచ్చినా ఆ ఖర్చు మీది. జీతాలకు ఆ డబ్బు వాడితే ఒక్క ఏడాదిలో ఖాళీ. పైన చెప్పిన లెక్కలో ఏజెన్సీ బిల్లే ఏడాదికి 23,36,400. రెండో ఏడాది మెయింటెనెన్స్ ఎలాగూ పెంచాలి, అప్పుడు నిధీ ఉండదు, అలవాటైన సౌకర్యమూ వదులుకోలేరు.

ఇందాక ఫ్లోరిడా పేరెత్తాను. అక్కడి సర్ఫ్‌సైడ్ పట్టణంలో 1981లో కట్టిన పన్నెండంతస్తుల చాంప్లైన్ టవర్స్ సౌత్ అపార్టుమెంటు 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక కూలిపోయి 98 మంది చనిపోయారు. స్లాబులో నీరు నిలిచి కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. మరమ్మతులకు కోటిన్నర డాలర్లు అవసరమయ్యాయి. అంత నిధి ముందుగా దాచుకోలేదు, ఎవరెంత కట్టాలన్న వాదనలోనే కాలం గడిచిపోయింది. మేనేజర్లకు లైసెన్సు తప్పనిసరి చేసిన రాష్ట్రంలోనే ఇది జరిగింది. డబ్బు తీసి ఖర్చు పెట్టే నిర్ణయం యజమానులు తప్ప ఇంకెవరూ చేయలేరు. ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా చట్టం మార్చి, మూడంతస్తులు, అంతకు మించిన అపార్టుమెంట్లు పెద్ద మరమ్మతులకు ఎంత నిధి కావాలో లెక్కకట్టించి తీరాలని చెప్పింది. మనకు ఆ చట్టం లేకపోయినా ఆ పని చేయకూడదని ఎవరూ అనలేదు. జేఎన్‌టీయూ మీ ఊళ్లోనే ఉంది. ఒక సివిల్ ఇంజనీరును పిలిచి డాబా, సెల్లార్, నీళ్ల ట్యాంకులు చూపించి, ఏది ఎన్నేళ్లలో మార్చాలో, ఎంతవుతుందో ఒక కాగితం రాయించుకోండి.

అసోసియేషన్ కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం ఏటా జనరల్ బాడీ జరిపి, కమిటీ సభ్యుల జాబితాను, లెక్కలను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి. మీ రిజిస్ట్రేషన్ ఈ చట్టం కిందిదేనా, సహకార సంఘాల చట్టం కిందిదా అన్నది పత్రంలో చూడండి. జాబితా ఇవ్వకుండా ఏళ్లు గడిస్తే, రేపు ఏజెన్సీతో గొడవ వచ్చినప్పుడు సంతకం చేసిన కమిటీకి ఆ అధికారమే లేదని వాదిస్తారు. ఒక ఆడిటర్‌ను పెట్టి పాత లెక్కలు సరిచేయించి జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేశాకే ఒప్పందం మీద సంతకం పెట్టండి.

బకాయిల వసూలు ఏజెన్సీకి అప్పగిస్తే తీరిపోతుందని చాలామంది అనుకుంటారు, తీరదు. వాళ్లు ఫోను చేస్తారు, నోటీసు అంటిస్తారు, అంతే. ఆ పన్నెండు ఇళ్లకూ విడివిడిగా వెళ్లి ఎందుకు కట్టడం లేదో కనుక్కోండి. డబ్బు లేక కాదు, ఏదో పాత కోపం వల్ల ఆపినవాళ్లే ఎక్కువమంది ఉంటారు. అద్దెకిచ్చినవాళ్లయితే అద్దెదారు కడుతున్నాడని యజమాని, యజమాని కడతాడని అద్దెదారు అనుకుంటూ ఉంటారు. ఎవరికీ నీళ్లు ఆపడం, లిఫ్టు ఆపడం వద్దు, అది మిమ్మల్నే దోషులుగా నిలబెడుతుంది. రాతపూర్వక నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే 2001 చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్లే వీలుంది. మాటలతో తేలని ఒకరిద్దరి కోసం ఆ దారి ఉంచుకోండి.

బెంగళూరులో ఉన్న యజమానుల మీద కోపం పెట్టుకోకండి. వాళ్లు అక్కడ బాగా నడిచే పద్ధతి చూసి వచ్చి అడుగుతున్నారు, అడగడంలో తప్పు లేదు. అయితే ఏజెన్సీ కావాలన్నవారే దాన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత కూడా తీసుకోవాలి. వచ్చే జనరల్ బాడీకి రెండు లెక్కలూ కాగితం మీద పెట్టండి: మొత్తం అప్పగిస్తే 3,056, నాలుగు పనులే ఇస్తే కొత్త కొటేషన్ ప్రకారం ఎంతో అది. దూరంగా ఉన్నవారు ఫోను ద్వారా చేరి మాట్లాడే ఏర్పాటు చేయండి. బ్యాంకు ఖాతా, బిల్లులు, పీఎఫ్ రసీదులు ఈ రోజుల్లో ఎక్కడి నుంచైనా చూడవచ్చు కాబట్టి వాళ్లలో ఒకరిని ట్రెజరర్‌గా ఎన్నుకోండి. సెక్రటరీగా ఇక్కడే ఉండే మరొకరిని చూడండి. మీరు ఆరు నెలల పాటు కొత్తవారికి తోడుగా సలహాదారుగా ఉంటానని చెప్పి తప్పుకోండి. ఎవరూ ముందుకు రాకపోతే, ఎన్నిక జరిగేదాకా ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టనని ఆ సభలోనే చెప్పేయండి.